నాలుగు వేళ్ళ సముద్రం

హైమావతికి భర్త మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. మనిషి సిగరెట్టు ముట్టడు, పేకముక్క పట్టడు, కూరలో ఉప్పు తక్కువైతే గొడవ చేయకుండా అడిగి వేసుకుంటాడు. ఉన్న లోపమల్లా ఒక్కటే. ఆయన తప్పు చేయడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో నరహరిరావు ఒక్కటంటే ఒక్క తప్పు చేయలేదు. ఈ మాట హైమావతి చెబుతున్నది కాదు, ఆయన చెబుతున్నదే.

వంటింటి తలుపు సంగతే తీసుకోండి. ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగి వద్దు వద్దంటున్నా పక్కన నిలబడి ఆయన బిగింపించిన తలుపు అది. తెరిస్తే నేరుగా వచ్చి స్టవ్వుకి కొట్టుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పోపు వేస్తున్నప్పుడే ఎవరో ఒకరు ఆ తలుపు తోస్తారు. మూకుడు ఎగిరి, ఆవాలు గోడకి తగులుతాయి.

"తలుపు సరిగ్గానే ఉంది హైమా. వంటిల్లే అటు తిరిగి ఉంది," అంటాడాయన.

హైమావతి బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివింది. వెలుతురు చూపిస్తే మొక్కైనా అటు వంగుతుందని అక్కడ నేర్చుకుంది. ఆయన మొక్క కాడు కాబట్టి ఆ చదువు ఇంట్లో ఎందుకూ పనికి రాలేదు.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగం ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అదే ఆయనకు దొరికింది. ఆయన దూర నిర్ధారణ సంస్థలో కొలతల విభాగం సూపరింటెండెంటు.

ఎడ్లబండ్ల కాలంలో, ఏ తాలూకాకు ఏ తాలూకా ఎన్ని ఆమడలో చెప్పడానికి పెట్టిన సంస్థ అది. బండ్లు పోయాయి, తాలూకాలు పోయాయి, ఆమడలు కూడా పోయాయి. సంస్థ మిగిలింది. దాన్ని మూసేయాలంటే ఒక ఫైలు కదలాలి. ఆ ఫైలు ఎంత దూరం కదలాలో నిర్ధారించవలసింది మళ్ళీ ఆ సంస్థే.

సంస్థకు పరికరాలు మూడు. గుడ్డ మీద అంటించిన గోడంత ప్రపంచ పటం, నల్ల దారం ఉండ, ఇత్తడి స్కేలు. ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా పని మీద విమానం ఎక్కాడంటే నరహరిరావు స్టూలెక్కుతాడు. హైదరాబాదులో ఒక గుండుసూది, వెళ్ళే ఊళ్ళో ఒక గుండుసూది గుచ్చి, మధ్య దారం బిగించి కత్తిరిస్తాడు. ఆ దారం స్కేలు మీద పెట్టి, అంగుళానికి అయిదు వందల కిలోమీటర్ల చొప్పున దూరం రాసి, దారాన్ని సాక్ష్యంగా ఫైలుకు కుట్టేస్తాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆ దూరాలు ఎవరూ చదివేవారు కాదు మరి.

చదివే మనిషి వేసవిలో వచ్చాడు. కొత్త డైరెక్టరు విశ్వంభరం గారు ఎక్కడో కొండ మీద రెండు వారాల శిక్షణ పొంది, 'సమయ జవాబుదారీతనం' అనే మాట పట్టుకుని దిగారు. దిగిన వారానికే పదిహేడో నంబరు సర్క్యులర్ జారీ అయింది. దారం ఇచ్చిన దూరాన్ని గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లతో భాగించగా వచ్చేది 'న్యాయమైన ప్రయాణ కాలం'. అంతకు మించి విమానంలో గడిపిన ప్రతి నిమిషమూ 'గగనతలంలో అనధికార గైర్హాజరు'.

ఆ గైర్హాజరులో మొదట పట్టుబడింది పై వాటాలో అద్దెకుంటున్న మృణాళిని.

పిల్ల ఉద్యానవన శాఖలో ఆఫీసరు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కావస్తోంది, ఇంకా పర్మినెంటు కాలేదు. పండ్ల నిల్వ మీద శిక్షణకని శ్రావణంలో లండను వెళ్ళి వచ్చింది. భాద్రపదంలో ఒక సోమవారం పొద్దున్న మెట్లు దిగి, వంటింటి తలుపు ధడాలున తోసి, "పిన్నిగారూ!" అంది. ఆవాలు గోడకి తగిలాయి.

"ఇది చదవండి. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి."

హైమావతి చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుంది. భర్త చేతిరాత పోల్చుకోవడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.

'తమరు హైదరాబాదు నుండి లండనుకు వెళ్ళిన సందర్భమున న్యాయమైన ప్రయాణ కాలము ఎనిమిది గంటల పదిహేను నిమిషములు కాగా, తమరు తొమ్మిది గంటల నలుబది నిమిషములు తీసుకొనియున్నారు. మిగులు గంటా ఇరువదియైదు నిమిషములు తమరు ఎచ్చట నుంటిరో, ఎవరి అనుమతిపై నుంటిరో, ఏమి చేయుచుంటిరో ఏడు రోజులలోగా తెలుపవలెను. తెలుపని యెడల తమరు చెప్పుటకు ఏమియు లేదని భావించబడును.'

"విమానంలోనే ఉన్నాను పిన్నిగారూ! మధ్యలో దిగి టీ తాగి రావడానికి అదేమన్నా సూర్యాపేటా?"

"అదే రాసియ్యకపోయావా?"

"ఇది రెండో మెమో. మొదటిదానికి రాశాను. కిటికీ పక్క సీట్లో కూర్చున్నానని రాశాను. సాక్షి ఎవరని అడిగారు. నా పక్కన డెన్మార్కు ఆయన ఒకడు కూర్చున్నాడు, ఎక్కింది మొదలు దిగేదాకా నిద్రపోయాడు. నిద్రపోయిన సాక్షి చెల్లడట." మృణాళిని పీట లాక్కుని కూలబడింది. "పర్మినెంటు చేసే ముందు సర్వీసులో గైర్హాజరు ఉండకూడదు. ఈ సంజాయిషీ తేలకపోతే నన్ను తీసేయమని మా శాఖకు సిఫారసు చేస్తారట. దసరా దాకా గడువు. అశోక్‌నగర్‌లో ఒక్క గదిలో నలుగురం పడుకుని నాలుగేళ్ళు చదివితే వచ్చిన ఉద్యోగం పిన్నిగారూ ఇది. గంటా ఇరవై అయిదు నిమిషాలకి పోతుందా?"

హైమావతి ఆ పిల్లకి ఇంత ఉప్మా పెట్టింది. తినమంది. పోదులే అనలేకపోయింది. ఎదురుగా ఉన్న మెమోలో అక్షరాలు తన భర్తవి. ఆయన తప్పు రాయడు.

సాయంత్రం పెసరట్టు వడ్డిస్తూ కదిపి చూసింది.

"ఆ పిల్ల ఆకాశంలో ఏం చేసుంటుందంటారు?"

"అది తను చెప్పాలి."

"విమానం వాళ్ళనే అడగొచ్చుగా, ఎంత దూరమో?"

"అడిగాం. ఏడు వేల ఏడు వందల యాభై కిలోమీటర్లని రాశారు. మా దారం ఆరు వేల ఆరు వందలు అంటోంది."

"మరి?"

"మరి ఏముంది? విమానాలు నడిపేది వాళ్ళు. అంటే ఆసక్తి గల పక్షం. వాళ్ళ మాట ఎలా నమ్ముతాం?" నరహరిరావు అల్లప్పచ్చడి అద్దుకున్నాడు. "డైరెక్టరుగారు ఇంకో సంగతి పట్టారు. ఆ పిల్ల వచ్చేటప్పుడు ఆలస్యం యాభై నిమిషాలే. వెళ్ళేటప్పుడు గంటా ఇరవై అయిదు. అంటే ఏమిటి? డ్యూటీకి వెళ్ళేటప్పుడు కాళ్ళు ఈడ్చడం, ఇంటికి వచ్చేటప్పుడు పరుగెత్తడం. ఆయన పరిశీలనే పరిశీలన!"

"విమానం లోపల పరుగెత్తిందేమో పాపం," అంది హైమావతి.

ఆయన ఆ మాటను కాసేపు నిజంగానే ఆలోచించాడు. "అలా చేస్తే కలిసి రాదు," అన్నాడు.

ఆ తరవాత సర్క్యులర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పద్దెనిమిదో నంబరుది విమాన సంస్థలకు. 'మీ పైలట్లు అనవసర కాలయాపన మాని, గమ్యమునందు దృష్టి నిలిపి నడపవలసినదిగా' కోరారు. జవాబుగా ఒక సంస్థ నుంచి కొత్త దంపతులకు మాల్దీవుల యాత్రలో రాయితీ ఉందని రంగుల కాగితం వచ్చింది. దాన్ని కూడా ఫైలు చేశారు.

పందొమ్మిదోది ఇంకా దూరం వెళ్ళింది. న్యాయమైన కాలం ముగిసిన నిమిషాన ఉద్యోగి గమ్యం చేరినట్టే 'భావించబడును'. విమానం ఎక్కడున్నా సరే, ఆ నిమిషం నుంచి అతను డ్యూటీలో ఉన్నట్టు లెక్క. అందుకోసం 'గగన హాజరు పట్టీ' వెంట తీసుకెళ్ళి సంతకం పెట్టాలి. పారిస్‌లో సదస్సుకు బయల్దేరిన ఒక పెద్ద పశువైద్యుడు రూలుకు కట్టుబడే మనిషి. గడియారం చూసుకుని, సరిగ్గా నిమిషం దాటగానే లేచి, సీట్ల మధ్య దారిలో నిలబడి, గేదెల్లో గాలికుంటు వ్యాధి మీద రాసుకొచ్చిన ఇరవై పేజీలూ చదివేశాడు. ఎయిర్‌హోస్టెస్‌లు ఇద్దరు ఆయన్ని సీట్లో కుదేసి బెల్టు బిగించారట. అసలు సదస్సులో మాత్రం ఆయన నోరు విప్పలేదు. ఒకే ప్రసంగం రెండుసార్లు చేయడం విధుల పునరావృతం కిందికి వస్తుంది.

అయినా అందరూ ఆలస్యంగానే దిగుతున్నారు. ప్రతి ఫైలులోనూ దారం ఒక మాట, విమానం ఒక మాట. విశ్వంభరం గారు మూడు రోజులు తలుపేసుకుని ఆలోచించారు. దారం అబద్ధం చెప్పదు. ఇంతమంది ఉద్యోగులు ఒకేసారి ఆకాశంలో దారి తప్పరు. కాబట్టి మిగిలిన ముద్దాయి ఒక్కటే. ఆయన భూగర్భ శాఖకు ఉత్తరం రాశారు. 'భూమి ఇటీవల ఏమైనా సాగినదా? సాగినచో ఎంత? వెంటనే తెలుపగలరు.'

వారం లోపలే జవాబు వచ్చింది. 'ఈ కార్యాలయ పరిధిలో సాగలేదు. మిగిలిన జిల్లాల నుండి సమాచారం రావలసియున్నది.'

"చూశావా?" అన్నాడు నరహరిరావు. "లేదని గట్టిగా చెప్పలేకపోయారు."

ఈలోగా దసరా వచ్చింది. సెలవులు ఇచ్చే ముందు రోజు సంస్థలో ఆయుధపూజ. మిగతా ఆఫీసుల్లో జీపులకూ కంప్యూటర్లకూ పూజ చేస్తే, ఇక్కడ పటానికీ దారానికీ స్కేలుకూ చేస్తారు. కుటుంబాలతో రమ్మంటారు. హైమావతి ఏటా పెద్ద డబ్బాడు పులిహోర తీసుకెళుతుంది. ఈ ఏడు వెంట మృణాళిని కూడా వచ్చింది. పిల్ల పండక్కి రాలేదు, పిలిపిస్తే వచ్చింది. పూజ కాగానే శుభప్రదంగా మొదటి కొలత హైదరాబాదు నుంచి లండనుకే తీసి, మొదటి సంతకం ఆమె తొలగింపు సిఫారసు మీదే పెట్టాలని డైరెక్టరుగారు నిశ్చయించారు.

హాలంతా బంతిపూలు. నిమ్మకాయలు. విశ్వంభరం గారు పట్టుపంచె కట్టుకుని, ఇత్తడి స్కేలుకు హారతి ఇచ్చారు. వచ్చే ఏడు రిటైరవబోతున్న అటెండరు యాదగిరి కుంకుమ భరిణె పట్టుకుని హైమావతి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ముత్తయిదువలు గద, పటానికి నడిమిట్ల బొట్టు వెట్టుండ్రి."

ఆవిడ వేలు కుంకుమలో ముంచి, పటం మధ్యకు ఎత్తి, అక్కడే ఆగిపోయింది.

ఆసియాకూ ఐరోపాకూ మధ్య, పైనుంచి కిందిదాకా సన్నటి నీలం గీత. చూడ్డానికి ఏ నదో అనుకుంటారు. నది కాదని ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. అది కుట్టు. ఆవిడ కుట్టే.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక ఆదివారం, నరహరిరావు దుప్పట్లో చుట్టిన పటాన్ని స్కూటరు మీద ఇంటికి తెచ్చాడు. ఆఫీసులో ఎలుకలు నడిమధ్యన కొట్టేశాయి. పైకి చెబితే కొత్త పటం వచ్చేదాకా కొలతలు ఆపాలి. పటం గడప దాటించకూడదని రూలు కూడా ఉంది. "కుట్టెయ్యి హైమా. కనపడకూడదు," అన్నాడు. ఆవిడ చూసి, ఎలుకలు కొట్టిన మేర లోపలికి మడిచి కుట్టాలండీ, నాలుగు వేళ్ళ వెడల్పు బొమ్మ పోతుంది అంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఏదో నీళ్ళు. పోతే పోనీ. అక్కడ మనవాళ్ళెవరూ లేరుగా." వదులైన జాకెట్టును లోపలికి పట్టి కుట్టినట్టే కుట్టింది. నీళ్ళ రంగుకు కలిసేలా వెతికి వెతికి నీలం దారం వాడింది. తన చేతిపని తనకే ముద్దొచ్చింది ఆ రోజు.

ఇప్పుడు ఆవిడ ఆ కుట్టుకు అటూ ఇటూ వెతికింది. కాలేజీలో భూగోళం చదవకపోయినా, స్కూల్లో పటం గీసి రంగులు వేసిన చెయ్యి అది. పక్కనే నిలబడ్డ భర్త మోచేతిని తట్టింది.

"ఏవండీ, కాస్పియన్ సముద్రం ఏది?"

"ఇప్పుడెందుకు నీకు సముద్రం?"

"పటంలో లేదు."

"లేకపోతే లేనట్టే."

"నాలుగు వేళ్ళండీ. మూడు అంగుళాలు ఉండదూ? ఆ పిల్ల ఉద్యోగం నా మడతలో ఉందండీ."

నరహరిరావు పెదవులు మాత్రమే కదిలించి, "పటం సరిగ్గానే ఉంది. ప్రపంచమే..." అన్నాడు, అని ఆ వాక్యం పూర్తి చేయలేదు. గుండుసూదులు పట్టుకుని స్టూలెక్కాడు. దారం బిగించాడు. డైరెక్టరుగారు సిఫారసు కాగితం తెప్పించుకున్నారు.

"డైరెక్టరుగారూ," అంది హైమావతి, పులిహోర వడ్డించేటప్పటి గొంతుతో. "పటం మధ్యలో పోగు ఒకటి వేలాడుతోంది. పండగ పూట బాగోదు. తీసెయ్యనా?"

"తప్పకుండా అమ్మా! సంస్థ అభ్యున్నతిలో గృహిణుల పాత్ర ఎనలేనిది," అన్నారాయన.

ఆవిడ పులిహోర సంచిలోంచి నిమ్మకాయలు కోయడానికి తెచ్చిన చాకు తీసి, కుట్టు తల దగ్గర ముడి తెంచింది. నీలం దారం పట్టుకుని లాగింది. టపటపా టపటపా పైనుంచి కిందిదాకా వచ్చేసింది.

"యాదగిరీ, ఆ చివర కాస్త లాగి పట్టు."

యాదగిరి లాగాడు. మడత విచ్చుకుంది. ఎలుక పంటి గాట్లతో, మూడు నెలలుగా ఎండ ఎరగని రంగుతో, నిండైన నీలి సముద్రం ఒకటి బయటపడింది. ఐరోపా ఖండం నాలుగు వేళ్ళు అవతలికి జరిగింది. బిగించి ఉన్న దారం ఆ దూరానికి ఆగలేక లండనులో గుండుసూదిని పీక్కుని వచ్చేసింది. సూది వెళ్ళి పులిహోరలో పడింది.

"వార్నీ," అన్నాడు యాదగిరి. "గీ సముద్రం ఏడికెల్లి వచ్చిందే?"

ముందుగా తేరుకున్నది విశ్వంభరం గారే. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నేను చెప్పానా! సాగింది! భూమి సాగింది!" చేతిగడియారం చూసుకున్నారు. "టైము రాసుకోండి. పదకొండు గంటల నలభై రెండు నిమిషాల నుండి భూమి వ్యాకోచించినట్లు ఈ సంస్థ నిర్ధారించడమైనది. సూపరింటెండెంటు గారూ, కొత్త దారం!"

నరహరిరావు కొత్త దారం బిగించి స్కేలు మీద పెట్టాడు. పదిహేనున్నర అంగుళాలు. ఏడు వేల ఏడు వందల యాభై.

"అంటే విమానం వాళ్ళు చెప్పిందే!" మృణాళిని ముందుకు వచ్చింది. "అయితే నా మెమో కొట్టేస్తారా సార్?"

"అదెలా కుదురుతుందమ్మా?" డైరెక్టరుగారు జాలిగా చూశారు. "మీరు ప్రయాణించింది శ్రావణంలో. అప్పటి భూమి చిన్నది. కొత్త భూమి నేటి నుంచే అమల్లోకి వస్తుంది. వెనకటి తేదీలకు వర్తించదు."

"భూమి ఎప్పుడూ ఇంతేనండీ," అంది హైమావతి. "పటం మడిచి కుట్టింది నేను. ఆషాఢంలో."

"మీరు సూపరింటెండెంటు గారి భార్య. ఆసక్తి గల పక్షం. పటం తప్పని రుజువు కావాలంటే, కొలిచిన అధికారి స్వయంగా ఆ మాట ఒప్పుకోవాలి." విశ్వంభరం గారు చిరునవ్వు నవ్వారు. "ఈ సంస్థ పుట్టిన దగ్గర్నుంచి కొలతలో తప్పుందని ఏ అధికారీ ఒప్పుకున్న దాఖలా లేదు."

ఆయన కలం మూత తీశారు.

హైమావతి భర్త వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళుగా వంటింట్లో చూస్తున్నట్టే చూసింది. మృణాళిని కూడా చూసింది. "బాబాయిగారూ," అంది ఒక్కసారే.

నరహరిరావు ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. ఎదురుగా సముద్రం. ఎలుక గాటు ఒకటి సరిగ్గా దాని ఒడ్డున ఉంది. కలం కాగితానికి ఆనుతుండగా ఏదో గొణిగాడు.

"ఏమిటి?" అన్నారు డైరెక్టరుగారు. "గట్టిగా చెప్పండి. రికార్డు చేయాలి."

"తప్పండీ," అన్నాడు నరహరిరావు. గొంతు సవరించుకున్నాడు. ఆ మాట నోటికి కొత్త. "ఆషాఢంలో ఎలుకలు కొట్టాయి. రూలుకు విరుద్ధంగా పటం ఇంటికి పట్టుకెళ్ళింది నేను. ఆవిడ చెబుతున్నా వినకుండా మడిచి కుట్టమన్నది నేను. ఆ అమ్మాయి ఆకాశంలో ఎక్కడా ఆగలేదు. భూమి సాగలేదు. తప్పు నాదండీ."

విశ్వంభరం గారు సిఫారసు కాగితం మీంచి కలం ఎత్తారు. తరవాత మూత పెట్టేశారు.

మృణాళిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. యాదగిరి పులిహోరలో సూది కోసం వెతుకుతున్నాడు. నరహరిరావు స్టూలు దిగబోయి, ఒక కాలు కింద పెట్టి, ఇంకో కాలు పైనే ఉంచి, ఒకసారి నోరు విప్పాక మిగిలింది కూడా ఇక్కడే చెప్పేస్తే పోతుందనుకున్నాడు కాబోలు, భార్య వైపు తిరిగాడు.

"హైమా, ఆ వంటింటి తలుపు... అది కూడా నా తప్పే."